తెగే అంచులు, నిలిచే సమూహాలు: గ్రాఫ్ విభజన గణితం వెలుగులో దక్షిణ తెలంగాణ జిల్లాల పునర్విభజన

ప్రవేశిక

2016 అక్టోబర్ 11, విజయదశమి నాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 జిల్లాలయ్యాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా నుండి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. షాద్‌నగర్, ఆమనగల్లు ప్రాంతాలు రంగారెడ్డి జిల్లాలో కలిశాయి. ఇదంతా 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద జరిగిన పరిపాలనా చర్య. దీని వెనుక గణిత సూత్రమేదీ లేదు. అయినా, పరస్పరం ముడిపడి ఉన్న ఊళ్ల వలను ఎక్కడ కోస్తే తక్కువ బంధాలు తెగుతాయి, కోసిన తరువాత ప్రతి ముక్కా తనలో తాను గట్టిగా నిలుస్తుందా అన్న రెండు ప్రశ్నలు అధికారుల ముందూ గణితవేత్తల ముందూ ఒకే రూపంలో నిలిచాయి. ఈ రెండింటిలో మొదటిదానికి మాత్రమే జవాబు చెప్పిన విభజన ఎందుకు నిలవదో దక్షిణ తెలంగాణ అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కోత వెల

ఊళ్లను శీర్షాలుగా, వాటి మధ్య రాకపోకలను అంచులుగా, ఆ రాకపోకల సాంద్రతను అంచుల భారంగా భావిస్తే వచ్చే చిత్రమే గ్రాఫ్. విభజన రేఖ దాటే అంచుల భారాల మొత్తం ఆ కోత వెల. అతి తక్కువ వెల గల కోతను వెతకడం సహజంగా తోచే మార్గం. కానీ ఆ మార్గాన పోతే నల్లమలలో ఒకే దారితో బయటి లోకాన్ని అందుకునే చెంచు పెంట ఒక ముక్క, మిగిలిన జిల్లా అంతా మరొక ముక్క అవుతుంది. లెక్క ప్రకారం అది చవకైన కోతే. ఆ పెంటలోని మనిషికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ చిక్కును ఎలక్ట్రానిక్ సర్క్యూట్లను పలకల మీద సర్దేవారు ముందుగా ఎదుర్కొన్నారు. 1970లో బెల్ ప్రయోగశాలలకు చెందిన కెర్నిఘాన్, లిన్ ముక్కల పరిమాణాన్ని సమానంగా నిలిపి, అటూ ఇటూ ఉన్న శీర్షాలను జతలుగా మార్చుకుంటూ కోతను తగ్గించే పద్ధతిని ప్రకటించారు. 1973లో చెక్ గణితవేత్త మిరోస్లావ్ ఫీడ్లర్ ఇదే ప్రశ్నను మాత్రికల వైపు నుండి సమీపించాడు. ప్రతి శీర్షానికి తగిలే అంచుల భారాన్ని కర్ణం మీద ఉంచి, అంచుల భారాలను రుణ గుర్తుతో మిగిలిన గళ్లలో నింపితే లాప్లాసియన్ మాత్రిక వస్తుంది. దాని కనిష్ఠ ఐగెన్ విలువ ఎప్పుడూ సున్నా. రెండవ విలువ గ్రాఫ్ ఎంత గట్టిగా అల్లుకుని ఉందో తెలుపుతుంది. ఆ విలువకు చెందిన సదిశలో ఒక్కొక్క శీర్షానికి ఒక్కొక్క సంఖ్య దక్కుతుంది. ధన సంఖ్యలు ఒక వైపు, రుణ సంఖ్యలు మరొక వైపు చేరితే విభజన సిద్ధం.

హైదరాబాద్–విజయవాడ రహదారి మీది చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడలను నాలుగు శీర్షాలుగా, వరుసలోని పొరుగు ఊళ్ల మధ్య అంచుల భారాన్ని ఒకటిగా తీసుకుందాం. ఎక్కడ కోసినా తెగేది ఒక్క అంచే కనుక కోత వెల ఏమీ తేల్చదు. రెండవ ఐగెన్ విలువ సుమారు 0.59, దాని సదిశ 0.92, 0.38, −0.38, −0.92. గుర్తు మారేది నకిరేకల్, సూర్యాపేటల నడుమ. నేటి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల సరిహద్దు ఈ రహదారిని దాటేది కూడా ఆ రెండు ఊళ్ల మధ్యనే. నాలుగు శీర్షాల బొమ్మతో ఇది కుదరడం యాదృచ్ఛికమే కావచ్చు. దీనిని నిరూపణగా తీసుకోరాదు.

రెండు కొలతలు

ఈ పద్ధతికి స్పెక్ట్రల్ క్లస్టరింగ్ అనే పేరు స్థిరపడిన కాలంలో, 2000లో, రవి కన్నన్, ఆడ్రియన్ వెట్టాలతో కలిసి తెలుగు ఇంటిపేరు గల సంతోష్ వెంపాల ఒక పత్రం వెలువరించాడు. దాని పూర్తి పాఠం 2004లో వచ్చింది. ‘మంచి సమూహీకరణ అంటే ఏమిటి’ అన్నదే అందులోని అసలు ప్రశ్న. కేంద్రానికి అతి దూరాన ఉన్న బిందువు ఎంత దూరంలో ఉన్నదన్న లెక్కతో సమూహాలను కొలిచే అలవాటు అప్పటికే ఉంది. సరళమైన ఉదాహరణల్లోనూ అటువంటి కొలత తప్పుదారి పట్టగలదని వారు చూపారు. దానికి బదులు రెండు కొలతలను ప్రతిపాదించారు: ప్రతి సమూహం లోపల ఎక్కడ కోయబోయినా వెల ఎక్కువగానే ఉండాలి, సమూహాల మధ్య తెగే అంచుల భారం మొత్తంలో స్వల్ప భాగమై ఉండాలి. స్పెక్ట్రల్ పద్ధతి ఇచ్చే ఫలితం ఉత్తమ విభజనకు ఎంత దూరం పోగలదో హద్దు కూడా నిరూపించారు.

జిల్లా కేంద్రం ప్రజలకు దగ్గర కావాలన్న 2016 నాటి వాదన నిజానికి ఆ కేంద్ర దూరపు కొలతే. అది న్యాయమైన వాదనే గాని, దానికి రెండవ చూపు లేదు.

నడిగడ్డ, గుండాల, కొడంగల్

కృష్ణా, తుంగభద్రల నడుమనున్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతాన్ని జనం నడిగడ్డ అంటారు. రెండు వైపులా నదులే కనుక బయటికి పోయే అంచులు వంతెనల దగ్గరే గుమికూడుతాయి. కోత వెల తక్కువ, లోపలి అల్లిక గట్టిది. పై రెండు కొలతలకూ సరిపోయే ఇటువంటి సమూహం దక్షిణ తెలంగాణలో మరొకటి దొరకడం కష్టం. చరిత్ర కూడా దీనికే సాక్ష్యమిస్తుంది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం రాయచూర్ జిల్లా నుండి గద్వాల, ఆలంపూర్ తాలూకాలను కలిపే మహబూబ్‌నగర్‌కు చేర్చింది. అరవై ఏళ్ల తరువాత, 2016 ఆగస్టు ముసాయిదాలో గద్వాలకు జిల్లాగా చోటు దక్కలేదు. ఆందోళనల అనంతరం తుది జాబితాలో ఆ రెండు ప్రాంతాలూ కలిసే జోగులాంబ గద్వాల జిల్లాగా నిలిచాయి. పాలకులు గీసిన గీతలు రెండుసార్లు మారినా ఆ జంట విడిపోలేదు.

గుండాల మండలం కథ దీనికి భిన్నం. ఉమ్మడి నల్లగొండలోని ఈ మండలాన్ని 2016లో జనగామ జిల్లాలో చేర్చారు. స్థానికులు ఒప్పుకోలేదు; తరువాత అది యాదాద్రి భువనగిరి జిల్లాకు తిరిగివచ్చింది. కెర్నిఘాన్–లిన్ పద్ధతిలో తప్పు వైపున పడిన శీర్షాన్ని అవతలికి మార్చే అడుగు ఇటువంటిదే. ఇక్కడ ఆ అడుగు వేయించింది జనం.

అయితే ఏ అంచుకు ఎంత భారమన్నది గణితం చెప్పదు. బస్సుల రాకపోకలను లెక్కిస్తే ఒక పటం, సంత బేరాలను లెక్కిస్తే మరొకటి, పెళ్లి సంబంధాలను లెక్కిస్తే ఇంకొకటి వస్తుంది. ముక్కల సంఖ్యనూ ముందే ఎవరో ఒకరు నిర్ణయించాలి. 2016 ముసాయిదాలో ఆ సంఖ్య 27, తుది ఉత్తర్వులో 31, 2019లో 33. వరుస ఐగెన్ విలువల మధ్య పెద్ద ఎడం ఉన్నచోట ఆగమని స్పెక్ట్రల్ పద్ధతి సూచించగలదు. ఉత్తర్వు మీద సంతకం చేసేది మాత్రం ప్రభుత్వమే.

కొడంగల్ విషయంలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. 1956లో గుల్బర్గా జిల్లా నుండి మహబూబ్‌నగర్‌కు వచ్చిన తాలూకా అది. దాని పేరనే ఉన్న శాసనసభ నియోజకవర్గంలో కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలు 2016లో వికారాబాద్ జిల్లాకు పోగా, కోస్గి, మద్దూరు మహబూబ్‌నగర్‌లో మిగిలాయి. ఎన్నికల పటంలో ఒకటిగా ఉన్న సమూహం రెవెన్యూ పటంలో రెండయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు కోస్గి, మద్దూరు అందులో చేరాయి. కొడంగల్ వికారాబాద్‌లోనే ఉండిపోయింది.