సంఘ పుస్తకములో లేని పేర్లు

ఏలూరులో సి.ఎం.ఎస్. మిషను పని 1854లో మొదలైంది. ఉంగుటూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో సంఘములు ఎక్కువగా దళిత పేటలలోనే వేరూనాయి. ఉమ్మడి రాష్ట్ర జనాభా లెక్కలలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34. ఇదంతా విశ్వాస భ్రష్టత్వమేనని కొందరంటారు. నేను ఒప్పుకోను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారికి దక్కింది బి.సి.-సి కింద ఒక్క శాతం. అందుచేత ఆదివారము క్వయరులో పాడే యువకుడు సర్టిఫికెట్టులో హిందువు. బాప్తిస్మము వాయిదా వేస్తాడు, సంఘ పుస్తకములో పేరు వద్దంటాడు. పేరు లేనివానికి పాస్టరేటు కమిటీలో ఓటు లేదు, బల్లయొద్ద చోటు లేదు. కొన్నేళ్లకు ఆరాధనకు రావడమే మానేస్తాడు. అతనిని వేషధారి అని మందలించే సంఘము ఆ మూడవ పేరాను గూర్చి ఎన్ని ఆదివారములు మాట్లాడింది?