గత్తర కాలం నుంచి నల్లా నీళ్ల దాకా

సికింద్రాబాద్–కాజీపేట రైలుమార్గం మీద ఉన్న రఘునాథపల్లి 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జనగామ జిల్లాలో మండల కేంద్రం. ఈ ప్రాంతపు పల్లెల్లో శుభ్రత చరిత్ర చాలామటుకు తాగునీటి చరిత్రే. చేదబావి, వాగు చెలిమ, చెరువు తప్ప వేరే దిక్కులేని రోజుల్లో తొలకరి వరదకు ఊరి మురికంతా నీళ్లలో చేరేది. దాని వెంబడే గత్తర వచ్చేది.

గత్తర అంటే కలరా. పొద్దున వాంతులు, విరేచనాలు పట్టుకున్న మనిషి మాపటికల్లా ప్రాణం విడిచేంత వేగం దానిది. ఊళ్లు పోచమ్మకు బోనమెత్తాయి, గడపలకు వేపమండలు కట్టాయి. 1813లో జంటనగరాల్లో గత్తర చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికుడొకరు మహాకాళికి మొక్కుకున్నారనీ, 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపారనీ అక్కడి ఆలయ కథనం. నిజాం కాలంలో, 1915లో, అంటురోగులను విడిగా ఉంచడానికి హైదరాబాద్‌లో క్వారంటైన్ ఆసుపత్రి వెలిసింది. నల్లకుంటలోని ఆ ఆసుపత్రి నేటికీ జనం నోట కోరంటి దవాఖానే.

రోగకారకం మాత్రం కంటికి కనిపించేది కాదు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో రోగులను, చెరువు నీళ్లను పరీక్షించి, కామా ఆకారపు బ్యాక్టీరియానే కలరాకు మూలమని తేల్చారు. నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని బతకడం దాని అలవాటు. పల్లెల్లో బిందె మూతికి పాత నూలుగుడ్డ మడతపెట్టి నీళ్లు వడబోసే పద్ధతికి ఇక్కడే విలువ దొరికింది. ఒంటరి బ్యాక్టీరియా గుడ్డలోంచి జారిపోతుంది గానీ, అది పట్టుకుని ఉన్న పెద్ద జీవి మడతల్లో చిక్కుతుంది. ఉతికి ఉతికి నూలు పొంగిన పాత చీరైతే సందులు మరీ సన్నబడతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో చీరగుడ్డతో చేసిన పరిశీలనలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించారు.

అలాగని పాత అలవాట్లన్నీ ఆరోగ్యసూత్రాలేమీ కావు. పేడనీళ్ల అలుకు దుమ్మును అణచినా, పేడలో, మట్టిలో ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. కొడవలితో బొడ్డుకోసి, బొడ్డుమీద బూడిదో పేడో అద్దిన చోట అవి పసికందు ఒంట్లోకి చేరేవి. గర్భిణులకు టీకాలు, కాన్పులో కొత్త బ్లేడు, శుభ్రమైన దారం వచ్చాకే ఆ చావులు తగ్గాయి. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట గుర్తింపు పొందింది, 2003లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశే.

బ్యాక్టీరియా అంతా శత్రువు కూడా కాదు. ఇక్కడి నేలల్లో కంది, పెసర మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పైరుకు అందించేది అదే. పాలను పెరుగు చేసేదీ అదే. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే, అందులోని లాక్టిక్ బ్యాక్టీరియా పులుపు పెంచి చాలారకాల కుళ్లు క్రిములను ఎదగనివ్వదు. కడగని గిన్నెలో తోడు వేసిన పెరుగు జిగురు సాగడం, వాసన రావడం అక్కరలేని రకాలు చొరబడ్డాయనడానికి గుర్తు.

బావుల తర్వాత చేతిపంపులు, వాటి తర్వాత ట్యాంకులు వచ్చాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ శుద్ధిచేసిన నీటిని ఇంటి నల్లాకు చేర్చే పథకం. అలాంటి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ నల్లా దగ్గర మిగిలి ఉండాలని జాతీయ ప్రమాణం. నీళ్లు పట్టి ఉంచిన కొద్దీ ఆ క్లోరిన్ తగ్గిపోతుంది. అందుకే బిందెలో చెయ్యి ముంచకుండా, పొడుగు కాడ గరిటెతో నీళ్లు తీసుకోమని ఆరోగ్య కార్యకర్తలు చెబుతారు.