'గోన గన్నారెడ్డి' నవల - పాఠకుల అభిప్రాయభేదములు : ఒక పరిశీలనము

తెలుగున చారిత్రక నవల నిన్న మొన్న పుట్టినది కాదు. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథములతో పాటు చారిత్రక నవలలను గూడ ప్రోత్సహించినది మొదలు ఈ శాఖ విరివిగా పెరిగినది. వీనిపై వచ్చిన విమర్శయు తక్కువ కాదు. ఐనను, కథ జరిగిన ప్రదేశముననే నివసించు పాఠకులు ఆ కథనెట్లు చదివిరి, దేనిని మెచ్చిరి, దేనికి నొచ్చిరి యను ప్రశ్న మన విమర్శలో అరుదుగా వినబడును. అడివి బాపిరాజు రచించిన 'గోన గన్నారెడ్డి' ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణము.

ముందుగా స్థలమును గుర్తింపవలెను. గోన వంశముతో సంబంధము గల వర్ధమానపురము నేటి నంది వడ్డెమాను. అది నాగర్‌కర్నూలు జిల్లా బిజినేపల్లి మండలములోని గ్రామము. అచ్చటినుండి నైరృతిగా పోయి, వనపర్తి దాటి, కృష్ణ దాటినచో గద్వాల. ఇంకను పడమటికి పోయినచో రాయచూరు. దానికి దక్షిణమున తుంగభద్ర కావల ఆదవాని. గన్నారెడ్డి కథ, గన్నారెడ్డి చరిత్ర రెండును ఈ దారి వెంటనే నడచినవి. ఈ దారి నెరిగిన పాఠకుడు నవలను చదువు తీరు వేరు; ఓరుగల్లు వైభవమును మాత్రమే మనసున నుంచుకొని చదువువాని తీరు వేరు.

బాపిరాజు (1895-1952) కవి, చిత్రకారుడు. శాతవాహన కాలమును 'హిమబిందు'లోను, ఇక్ష్వాకు కాలమును 'అడవి శాంతిశ్రీ'లోను చిత్రించిన ఆయన కాకతీయ కాలమునకు 'గోన గన్నారెడ్డి'ని కేటాయించెను. 1940లలో ఆయన హైదరాబాదున 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడుగా నుండెను. నవలయు ఆ దశాబ్దమునదే. కథాసారము సుప్రసిద్ధము. రుద్రమదేవి స్త్రీ యని తెలిసి సామంతులు తిరుగబడ జూచుచుండగా, గన్నారెడ్డి గజదొంగ యను అపఖ్యాతిని మోసికొని, లోలోపల ఆమె సింహాసనమునకు అండగా నిలుచును. ఆదవాని ప్రభువైన కోటారెడ్డి కుమార్తె అన్నాంబికకును, గన్నారెడ్డి పినతండ్రి లకుమయారెడ్డి కుమారుడగు వరదారెడ్డికిని తలపెట్టిన వివాహమును భగ్నము చేయు ఘట్టముతో కథ వేగమందుకొనును. తుదకు అన్నాంబిక గన్నారెడ్డికే దక్కును. రుద్రమ - చాళుక్య వీరభద్రుల ప్రణయము దీనికి జంటగా సాగును.

ఈ నవలపై పాఠకుల అభిప్రాయములు ప్రధానముగా నాలుగు విధములుగా నున్నవి. ఉత్కంఠ, శౌర్యము, ప్రణయము సమపాళ్లలో కుదిరినవనియు, తెలుగు వీరుని ఇంత ప్రియముగా చిత్రించిన నవల మరియొకటి లేదనియు మెచ్చువారు మొదటివారు. ఇందు చరిత్ర స్వల్పము, కల్పన అనల్పము, కావున దీనిని చారిత్రకమనుటయే తగదని ఆక్షేపించువారు రెండవవారు. వేషభూషలు, నృత్యగానములు, శిల్పములు అడుగడుగున వర్ణితములై కథను నిలిపివేయుచున్నవని విసుగుకొనువారు మూడవవారు. నాలుగవవారు ఈ ప్రాంతమువారు. మా వడ్డెమానునకు ఒక నవల దక్కినదని వీరు సంతసింతురు. మా కథ మా పలుకుబడిలో లేదే యని ఆ వెంటనే నొచ్చుకొందురు. సంతోషము, నొప్పి ఒక్కరియందే కలిసియుండుట ఈ నాలుగవ వర్గమున విశేషము.

మూడవ అభిప్రాయమును గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు. చిత్రకారుడు వ్రాసిన నవలలో రంగులు ఎక్కువగా నుండుట సహజము. అది కొందరికి గుణము, కొందరికి దోషము. రుచిభేదమును వాదముతో తీర్చలేము. తక్కిన మూడు అభిప్రాయములు మాత్రము ఆధారములతో పరీక్షింపదగినవి.

గన్నారెడ్డిని గూర్చి మనకు దొరకిన దృఢమైన సాక్ష్యము రాయచూరు కోట శాసనము. ఇది 1294 నాటిది, తెలుగు శాసనము. 40 అడుగులకు మించిన పొడవు గల ఒకే శిలపై దీనిని చెక్కిరి. గోన గన్నయ పక్షమున విఠలనాథుడు ఆదవాని, తుంబళము మొదలగు దుర్గములను సాధించి రాయచూరున కోట కట్టించెనని దీనివలన తెలియుచున్నది. ఇందు దొంగతనము లేదు, ప్రణయము లేదు, అన్నాంబిక లేదు. ఒక సేనానాయకుని విజయములు, ఒక దుర్గనిర్మాణము మాత్రమే కలవు.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. శాసనమున ఆదవాని జయింపబడిన దుర్గము. నవలలో ఆదవాని నాయిక పుట్టినిల్లు. శాసనములోని శత్రుదుర్గము నవలలో అత్తవారి యూరైనది! బాపిరాజు చరిత్రను విడిచిపెట్టెననుటకంటె, చరిత్రలోని ఒక్క వాక్యమును బీజముగా గైకొని దానినుండి ప్రణయకథను మొలిపించెననుట సత్యమునకు దగ్గరగా నుండునని మేము భావింతుము. ఇట్లు చూచినచో 'కల్పన అనల్పము' అను ఆక్షేపణ నిజమే. కాని ఆ కల్పన గాలిలో పుట్టినది కాదు.

రెండవ వర్గమువారు మరియొక ప్రశ్న వేయుదురు. గన్నారెడ్డి రుద్రమదేవికి అంగరక్షకుని వంటివాడనుటకు ఆధారమేది? రుద్రమ 1262 ప్రాంతమున రాజ్యమునకు వచ్చెను. రాయచూరు శాసనము అప్పటికి 32 ఏండ్ల తరువాతిది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము వలన ఆమె మరణము 1289లో జరిగెనని నేడు నిశ్చయమైనది. అనగా గన్నారెడ్డిని గూర్చిన ముఖ్య శాసనము ఆమె మరణించిన ఐదేండ్లకు, ప్రతాపరుద్రుని పాలనలో పుట్టినది. ఆ శాసనమును బట్టి గన్నారెడ్డిని రుద్రమ పట్టాభిషేక కాలపు వీరునిగా నిరూపింపజాలము.

ఐతే నవలాకారుని నిందించుటకు ముందు ఆయన కాలపు విజ్ఞానమును గూడ లెక్కింపవలెను. చందుపట్ల శాసనము బాపిరాజు మరణానంతరమే విద్వల్లోకమునకు తెలిసినది. అంతకుముందు చరిత్రకారులు రుద్రమ పాలన 1295 లేక 1296 వరకు సాగినదని వ్రాయుచుండిరి. ఆ లెక్కన 1294 నాటి రాయచూరు విజయము రుద్రమ పాలనలోనిదే. కావున గన్నారెడ్డిని రుద్రమ సేవకునిగా చిత్రించుట బాపిరాజు నాటికి చరిత్రవిరుద్ధము కాదు. నేటి ఆధారముతో నాటి రచయితను దోషిగా నిలుపుట న్యాయము కాదు. నేటి ఆధారము దొరకిన పిదపను నాటి కథనే చరిత్రగా బోధించుట అంతకంటె న్యాయము కాదు.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. నవల తన పరిధిలో తానున్నంత కాలము దానివలన చరిత్రకు హాని లేదు. నవలలోని కథ నోటినుండి నోటికి పాకి, పాఠమున ప్రవేశించి, చరిత్ర స్థానము నాక్రమించినపుడే హాని. 2015లో గుణశేఖర్ దర్శకత్వమున వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రము గజదొంగ గన్నారెడ్డిని లక్షల మందికి పరిచయము చేసినది. ఆ చిత్రమున గన్నారెడ్డి తెలంగాణపు యాసలో మాటలాడుట ఈ ప్రాంతపు ప్రేక్షకులకు ఎంతో నచ్చినది. నవల తీర్పని కొరతను చిత్రము కొంత తీర్చినదనవచ్చును. కాని దానితో పాటు 'గజదొంగ' యను కల్పన ఇంకను గట్టిపడినది.

కల్పన కప్పివేసిన వాస్తవములలో ముఖ్యమైనది కుప్పాంబిక చరిత్ర. 'రంగనాథ రామాయణ' కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక. ఈమె మాల్యాల వంశీయుడైన గుండయ సేనాని భార్య. భర్త మరణానంతరము ఆయన పేర గుండేశ్వరాలయమును నిర్మించి 1276లో శాసనము వేయించెను. ఆ శాసనమున్న బూదపురము నేటి మహబూబ్‌నగర్ జిల్లాలోని భూత్పూరు. ఈమెను తొలి తెలుగు కవయిత్రిగా గణించు విమర్శకులును కలరు. తండ్రి ద్విపదలో రామాయణమును రచించెను; సోదరులు కాచవిభుడు, విఠలరాజు ఉత్తరకాండమును పూర్తిచేసిరి; కుమార్తె దేవాలయమును నిలిపి శాసనమును వేయించెను. కావ్యము, శాసనము, దుర్గము ఒక్క వంశమున కలిసిన ఇట్టి సందర్భము తెలుగు చరిత్రలో అరుదు. ఐనను కల్పితయగు అన్నాంబిక పేరెరిగిన పాఠకులలో ఎందరు కుప్పాంబిక పేరెరుగుదురు? ఈ ప్రశ్న బాపిరాజుపై ఆక్షేపణ కాదు. బోధకులమైన మనపై ఆక్షేపణ.

వంశ విషయమున మరియొక జాగ్రత్త అవసరము. ఉత్తర రామాయణ కర్త విఠలరాజు, రాయచూరు శాసనములోని విఠలనాథుడు ఒక్కరే యని తేల్చివేయుట కొందరికి రుచించును. బుద్ధారెడ్డి తండ్రి పేరును విఠలనాథుడే. ఒకే పేరు తరతరములుగా తిరుగు వంశమున పేరొక్కటైనంత మాత్రమున వ్యక్తి యొక్కడని చెప్పుట సాహసము. నవలాకారునికి ఇట్టి సాహసము అలంకారము, పరిశోధకునికి దోషము.

ఇక ఈ ప్రాంతపు పాఠకులు గన్నారెడ్డిని ఇంత సులభముగా తమవాడనుకొనుటకు వేరొక కారణము కలదు. పాలమూరు సీమలో మంచి దొంగ కొత్తవాడు కాడు. కలవారిని దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథను ఇచ్చటి జానపద గాయకులు తరతరములుగా పాడుచున్నారు. ఆ పాట విన్న చెవికి గన్నారెడ్డి కథ పరిచితమైన కథవలెనే తోచును. కాని ఈ ఇరువురికిని భేదము పెద్దది. సాయన్న దొరలను ఎదిరించిన దొంగ. నవలలోని గన్నారెడ్డి సింహాసనమును కాపాడు దొంగ. ఒకనిని జనము పాటలో నిలుపుకొనిరి. రెండవవానిని రచయిత జనమునకు కానుకగా నిచ్చెను. నవలలోని గన్నారెడ్డి సాహసములలో రాజ్యభక్తి నిండుగా నున్నది. పన్ను కట్టు రైతు, చెరువు త్రవ్విన కూలి అంత నిండుగా లేరు. మా దృష్టిలో ఈ నవలకు గల పెద్ద కొరత ఇదియే గాని, కల్పనాధిక్యము కాదు.

ఈ కొలమానము మేము క్రొత్తగా తెచ్చినది కాదు. గద్వాల ప్రాంతమున పుట్టి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యములను, సామెతలను, ఆటపాటలను శోధించి జనుల జీవితమును రాబట్టెను. రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆచారములే ఆయనకు చరిత్ర. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించినదియు ఆయనయే. మా ప్రాంతమును గూర్చి ఇతరులు చెప్పినంతనే సరిపోదు, మేమును చెప్పవలెనను పట్టుదల ఆ సంచికకు ప్రాణము. వడ్డెమాను కథ భీమవరపు రచయిత కలమున వచ్చినందుకు ఈ ప్రాంతపు పాఠకుడు పడు సంతోషమును, నొప్పిని ఈ నేపథ్యమున గ్రహింపవలెను. అది సంకుచితత్వము కాదు. ఇనుగుర్తికి చెందిన ఒద్దిరాజు సోదరులు 'రుద్రమదేవి' నవలను రచించియుండగా దానిని అంతగా తలచుకొనకపోవుటయు ఆ నొప్పికి ఒక కారణము.

ఐనను ఒక సత్యమును అంగీకరింపక తప్పదు. శాసనములు పండితుల గదులలో నుండగా వర్ధమానపురము పేరును సామాన్య పాఠకుని నోట పలికించినది బాపిరాజే. నంది వడ్డెమానులోని శిథిలములను చూచుటకు పోవువారిలో పలువురు శాసన సంపుటమును చదివి పోవుట లేదు. నవల చదివి పోవుచున్నారు. వారిని నవలనుండి శాసనమునకు నడిపించుట అధ్యాపకుని పని. నవలను తరగతిలో చెప్పునపుడు రాయచూరు శాసనమును, బూదపురపు కుప్పాంబిక శాసనమును ప్రక్కన నుంచి చెప్పినచో పై నాలుగు అభిప్రాయములలో దేనిని ఎంతవరకు అంగీకరింపవలెనో విద్యార్థియే నిర్ణయించుకొనగలడు.

రాయచూరు కోటలో ఆ మహాశిలను మోసుకొనివచ్చిన తీరును తెలుపు చిత్రము చెక్కియున్నది. బండి, దానికి పూన్చిన పశువుల వరుస, చక్రముల యొద్ద పాటుపడు జనులు అందు కనబడుదురు. శాసనము గన్నయ పేరును, విఠలుని పేరును చెప్పినది. ఆ జనుల పేర్లు చెప్పలేదు. నవలయు చెప్పలేదు. వారి జాడ గ్రామ కైఫీయతులలో, చెరువు శాసనములలో, జానపద గేయములలో వెదకవలసియున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములనుండి వచ్చు పరిశోధక విద్యార్థులు ఈ పనిని చేపట్టినచో, గోన వంశమును గూర్చి రాబోవు నవలకును, రాబోవు చరిత్రకును ఒక్కసారిగా మేలు కలుగును.