గాలి గీసిన గీత

ఆత్రేయపురంలో మా పిన్ని బోర్లించిన కుండ మీద పూతరేకు తీసే ముందు కిటికీ మూస్తుంది. గాలి తగిలితే రేకు నిలవదు. ఆ రేకుల పెట్టె పట్టుకుని ధవళేశ్వరం బ్యారేజీ దాటి మధురపూడి ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే నాకదే గుర్తొస్తుంది. అక్కడా మొదటి లెక్క గాలిదే.

ఎయిర్‌పోర్టు ప్లాన్ చేసే కన్సల్టెంట్లు టెర్మినల్ బొమ్మ తర్వాతెప్పుడో గీస్తారు. ముందు కొన్నేళ్ల పాటు గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వీచిందో పట్టిక వేస్తారు. అడ్డగాలి ఉన్నా నూటికి తొంభై అయిదు వంతుల సమయం విమానం దిగగలగాలన్నది అంతర్జాతీయ కొలత. మధురపూడి రన్‌వే నంబరు 05/23. అంటే దిక్సూచి మీద 50, 230 డిగ్రీలకు దగ్గర. మన లెక్కలో ఈశాన్యం, నైరుతి. ఈ రెండు గాలుల సంగతి గోదావరి పడవవాళ్లకి ఒకరు చెప్పాలా!

బ్రిటిష్ వాళ్లు 366 ఎకరాల్లో వేసిన విమానాశ్రయం ఇది. 1985లో వాయుదూత్ వచ్చింది, 1994కల్లా పోయింది. ఆ తర్వాత పెద్ద విమానాల కోసం 1,749 మీటర్ల రన్‌వేని 3,165 మీటర్లు చేశారు. పొడవు పెంచారు గానీ, దిక్కు పాతదే. అంటే ఎవరి చేను పోతుందో చాలావరకు ఆ పాత గీతే తేల్చేసిందన్నమాట. కొత్త ప్లాన్ గీసినవాళ్లు దాన్ని పొడిగించారు, అంతే.

పోయినసారి కిటికీ సీటు దొరికింది. విమానం లేస్తుంటే కంచె అవతల ఎవరో గడ్డిమోపు నెత్తికెత్తుకుంటున్నారు. ఒళ్లో పూతరేకుల పెట్టె.