పాత బఫర్, కత్తెర, ఒక మాత్ర

ల్యాబ్‌లో ఉన్నన్నాళ్లూ "బఫర్ ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోండయ్యా" అని జూనియర్ల వెంటపడేవాణ్ణి. అందుకే టోనీ హంటర్ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన బద్ధకించి పాత బఫరే వాడాడు. దాని పీహెచ్ 1.9 నుంచి 1.7కి దిగింది. ఆ కాస్త తేడాకే, అంతవరకూ ఒకే మచ్చగా కలిసిపోయిన ఫాస్ఫోటైరోసిన్, ఫాస్ఫోథ్రియోనిన్ విడివడ్డాయి. ప్రోటీన్లలో టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్‌లున్నాయని అలా బయటపడింది. పెరగమనీ, చీలమనీ కణానికి కబురందడంలో వీటిది పెద్ద చెయ్యి.

అలాంటి కైనేజ్ ఒకటి అదుపు తప్పితే ఏమవుతుందో క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో కనిపిస్తుంది. దాని స్లైడు ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోరు. లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే లేతవీ ముదురువీ అన్ని దశల తెల్లకణాలూ కిక్కిరిసి ఉంటాయి. పదివేలు దాటకూడని కౌంటు లక్షల్లోకి పోతుంది. ప్లీహం బొడ్డు దాకా పెరిగినవాళ్లూ వచ్చేవారు.

ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ మరీ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ చెప్పారు. ఎందుకో తేల్చింది షికాగోలో జానెట్ రౌలీ. ఇంట్లో భోజనాల బల్ల మీద క్రోమోజోమ్ ఫొటోలు కత్తిరించి జతలు పేరుస్తుంటే, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. 9, 22 క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకున్నాయని 1973లో ప్రకటించింది. ఆ అతుకు దగ్గర పుట్టేదే బీసీఆర్-ఏబీఎల్, ఆగడమెరుగని కైనేజ్.

ఫాస్ఫేట్ అందించే ఏటీపీ ఆ కైనేజ్‌లో వచ్చి కూర్చునే చోటును ముందే ఆక్రమించే మందు ఇమాటినిబ్. బ్రయాన్ డ్రూకర్ బృందం 1998లో రోగులకివ్వడం మొదలుపెట్టింది. 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం లెక్కలు మామూలుకొచ్చాయి. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది.

వచ్చి ఏం లాభం? నెలకు లక్ష పైమాటే! 2003లో మన హైదరాబాదు కంపెనీ నాట్కో అదే మందును 'వీనాట్' పేరుతో తెచ్చాక ఆ ఖర్చు పదివేల లోపుకు దిగింది. ఇమాటినిబ్ అసలు తయారీదారు నోవార్టిస్ పేటెంటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది. నాకైతే ఆ తీర్పు కూడా వైద్య చరిత్రలో భాగమే.

ఈ మాత్ర వాడుతున్నవాళ్లకు ఒక్కమాట: కౌంటు దిగిందని మీ అంతట మీరు ఆపకండి. ఆపవచ్చో లేదో బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.