ఇరవై తొమ్మిది విచలనాలు: సామాన్య విభాజనపు తోకను ఎంతవరకు నమ్మాలి?

1977లో కాస్టనేడా–పార్టీడా కేసు తీర్పు ఇస్తూ అమెరికా సుప్రీంకోర్టు ఒక పాదసూచికలో చిన్న లెక్క వేసింది. టెక్సస్‌లోని హిడాల్గో కౌంటీ జనాభాలో మెక్సికన్ అమెరికన్లు 79.1 శాతం. పదకొండేళ్లలో గ్రాండ్ జ్యూరీకి పిలిచిన 870 మందిలో మాత్రం వాళ్లు 339 మందే. చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచితే 688 మంది ఉండాలి. 870, 0.791, 0.209ల లబ్ధానికి వర్గమూలం సుమారు 12. ఇదే ద్విపద విభాజనపు ప్రామాణిక విచలనం. లోటు 349. అంటే 29 విచలనాలు. ఇంత పెద్ద శాంపిల్‌లో తేడా రెండు మూడు విచలనాలు దాటితేనే యాదృచ్ఛికత మీద అనుమానం వస్తుందని కోర్టు అక్కడే రాసింది. ఇంత లోటు కాకతాళీయంగా వచ్చే సంభావ్యత 10¹⁴⁰లో ఒకటి కన్నా తక్కువని కూడా చేర్చింది.

ఈ రెండో సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. 29.1 విచలనాలకు సామాన్య వక్రం ఇచ్చే సంభావ్యత 10¹⁸⁶లో ఒకటి. ద్విపద పదాలనే నేరుగా కూడితే వచ్చేది సుమారు 10¹⁴⁴లో ఒకటి. నలభైకి పైగా సున్నాల తేడా! సామాన్య వక్రం అంటే 1733లో డి మోయవర్ ద్విపదకు కనుగొన్న సన్నిహిత విలువే; అది సగటు చుట్టుపక్కల కోసం పుట్టింది. అది వర్గ పదం దగ్గర ఆగిపోతుంది, అసౌష్ఠవాన్ని తెచ్చే ఘన పదాన్ని వదిలేస్తుంది. రెండు విచలనాల దగ్గర ఆ పదం స్వల్పం. ఇరవై తొమ్మిది దగ్గర అదే పెత్తనం చేస్తుంది. కాబట్టి 1925లో ఫిషర్ అనుకూలంగా ఉంటుందని ఎంచిన 1.96 లాంటి హద్దు దాటిందా లేదా అని చూడటానికి సామాన్య విభాజనం చాలు. హద్దుకు ఆవల ఎంత దూరమో చెప్పే సున్నాలను దాని నుంచి అడగకూడదు. అవి చదువరిని హడలగొట్టడానికి తప్ప నిర్ణయానికి అక్కరకు రావు.

నిర్ణయాన్ని నిజంగా కదిలించగలిగింది 79.1 అన్న అంకె. మొత్తం జనాభాను కాదు, జ్యూరీకి అర్హులైన వాళ్లనే లెక్కించాలని ప్రధాన న్యాయమూర్తి బర్గర్ విభేదించాడు. అభ్యంతరం సబబైనదే, దాన్ని కొలవనూ వచ్చు. అర్హుల్లో మెక్సికన్ అమెరికన్ల వాటా దాదాపు 44 శాతానికి పడిపోతే తప్ప లోటు మూడు విచలనాలకు తగ్గదు. అంత పతనానికి ఆధారం చూపడం తేలిక కాదు.

ఇక వివక్ష చూపాలన్న ఉద్దేశం సంగతి. వక్రం తోసిపుచ్చింది యాదృచ్ఛిక ఎంపిక అన్న పరికల్పనను మాత్రమే. ఎవరు, ఎందుకు అన్నది దాని పరిధిలో లేదు. పేర్లు ఎంచిన ఐదుగురు కమిషనర్లలో ముగ్గురు మెక్సికన్ అమెరికన్లే! అయినా, సొంతవాళ్లపై వివక్ష చూపరన్న ఊహ ఒక్కటే జవాబు కాదని కోర్టు 5–4 ఆధిక్యంతో తేల్చింది. గణాంకాలతో నిరూపణ భారం రాష్ట్రం మీదికి మారింది. ఎంపిక ఎలా జరిగిందో చెప్పడానికి కమిషనర్లను మాత్రం రాష్ట్రం సాక్షులుగా పిలవలేదు.