సముద్రంలో గ్యాసు - పంజగుట్టలో అంచనాలు

అంబానీ సోదరుల గ్యాసు వ్యాజ్యం మన సభ్యుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాదనలు జరిగింది బొంబాయి, ఢిల్లీ కోర్టుల్లోనే అయినా, తీర్పు కోసం ఎదురు చూసినవారు అమీర్‌పేట, పంజగుట్టల్లోనూ ఉన్నారు. వారిలో పింఛనుదారులు తక్కువేమీ కాదు. అందుకే ఆ చరిత్రను ఈ ప్రత్యేక సంచికలో క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

కాకినాడ తీరానికి ఎదురుగా, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 బ్లాకులో గ్యాసు దొరికినట్టు 2002లో రిలయన్స్ ప్రకటించింది. ధీరూభాయ్ అంబానీ అదే సంవత్సరం జులైలో మరణించారు. 2005 జూన్‌లో కుమారులు ముకేశ్, అనిల్ వ్యాపారాలు పంచుకున్నారు. అనిల్ వైపు వచ్చిన రిలయన్స్ నేచురల్ రిసోర్సెస్ కంపెనీకి రోజుకు 2.8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు, 17 ఏళ్లపాటు, యూనిట్ 2.34 డాలర్ల చొప్పున ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ ధరకు ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2007లో 4.20 డాలర్లు ఖరారు చేసింది. అంతకు ముందే, 2006లో, తగాదా బొంబాయి హైకోర్టుకెక్కింది.

మనవాళ్లకు ఇందులో ప్రమేయం ఎలా కలిగిందంటే, విభజనలో పాత రిలయన్స్ షేరు ఒక్కొక్కదానికి కొత్త కంపెనీ షేరు ఒకటి ఉచితంగా వచ్చింది. ఆ విధంగా ఎందరో మధ్యతరగతి వాటాదారులు తాము కోరకుండానే అన్నదమ్ములిద్దరి పక్షానా నిలబడ్డారు. కొత్త కంపెనీకి చెప్పుకోదగ్గ ఆస్తి ఆ గ్యాసు మీది హక్కే. కనుక దాని షేరు ధర కోర్టు వాయిదాలతో పాటు లేచేది, పడేది.

సోమాజిగూడలోని హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయింది. అప్పటికే వ్యాపారమంతా సబ్ బ్రోకర్ల గదుల్లోని కంప్యూటర్ తెరల మీదికి చేరింది. పంజగుట్టలో అటువంటి గది ముందు నేను చాలాసార్లు ఆగి మాటలు విన్నాను. నిన్న ఏ వకీలు ఏమన్నాడు, జడ్జిగారు ఏ ప్రశ్న వేశారు, దాన్నిబట్టి మొగ్గు ఎటు - ఇవే చర్చలు. 2009 జూన్ 15న హైకోర్టు అనిల్ పక్షాన తీర్పు ఇచ్చినప్పుడు ఆ గదిలో పండుగే.

వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్, జస్టిస్ సదాశివం, మన రాష్ట్ర హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి విచారించారు. 2010 మే 7న తీర్పు వచ్చింది. గ్యాసు జాతి సంపద, ధర నిర్ణయం ప్రభుత్వానిది, కుటుంబ ఒప్పందం కంపెనీని బంధించదు అన్నది మెజారిటీ తీర్పు సారాంశం. జస్టిస్ సుదర్శన్ రెడ్డి విడిగా తీర్పు రాశారు. ఆ ఒక్కరోజే అనిల్ కంపెనీ షేరు ఐదో వంతుకు పైగా పడిపోయింది. కొద్ది నెలల్లో ఆ కంపెనీ రిలయన్స్ పవర్‌లో కలిసిపోయింది. నాలుగు షేర్లకు ఒక షేరు లెక్కన వాటాదారులకు దక్కింది.

అసలు గమనించవలసింది ఇంకొకటుంది. అందరూ గ్యాసు ఎవరికి, ఏ ధరకు అని అడిగారే గాని, గ్యాసు ఎంత ఉంది అని అడిగినవారు అరుదు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై, 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. 2012-13 నాటికి బ్లాకు మొత్తం ఉత్పత్తి, తగాదా పడిన ఆ 2.8 కోట్లకన్నా తక్కువైంది. వేమగిరి, కోనసీమ వంటి విద్యుత్ కేంద్రాలు గ్యాసు లేక ఆగిపోయాయి. 2020 ఫిబ్రవరిలో ఆ బ్లాకులోని ప్రధాన క్షేత్రాలైన డి-1, డి-3 మూతపడ్డాయి. అదే బ్లాకులో వేరే క్షేత్రాలు తెరిచింది ఆ తరువాతే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి సందర్భానికే పుట్టిందేమో!

షేర్లు కొనవద్దని నేననను. కాని గ్రాట్యుటీ సొమ్ము, కమ్యూటేషన్ సొమ్ము తెచ్చి ఒక కోర్టు తీర్పు మీద పందెం కట్టడం పెట్టుబడి కాదు. ఎవరైనా వచ్చి "కేసు గెలిస్తే రెండింతలు" అంటే, గెలిస్తే చేతికి వచ్చేది ఎంత, అది నేలలో నిజంగా ఉందా అని ముందుగా అడగండి. మన పిల్లలకు కూడా ఈ రెండు ప్రశ్నలు నేర్పుదాం.